ఖర్మ కాదు, కారణం చెప్పండి



మాయమ్మ రిపోర్టులు పట్టుకుని కడపలో ఒక ఆసుపత్రికి పోయినప్పుడు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఇంట్లో ఇంకెవరికన్నా కిడ్నీ జబ్బు ఉందా?" అడగాల్సిన ప్రశ్నే. ఒకే కిడ్నీతో పుట్టేవాళ్ళున్నారు. కిడ్నీల నిండా నీటి తిత్తులు పెరిగే జబ్బు తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వస్తుంది. షుగరు, బీపీ ఉన్నాయా అని కూడా అడిగాడు. లేవు.

అంతే, ప్రశ్నలు అయిపోయాయి. ముప్పై ఏళ్ళు ఏ ఎండలో శెనక్కాయ పీకావు? పనిలో నీళ్ళు ఎన్నిసార్లు తాగనిచ్చారు? మోకాళ్ళ నొప్పికి ఎన్నేళ్ళు బిళ్ళలు మింగావు? ఏ బోరు నీళ్ళు? ఎవరూ అడగలేదు. ఒంట్లో నీళ్ళు తగ్గితే కిడ్నీకి పోయే రక్తం తగ్గుతుంది. దానిమీద నొప్పి బిళ్ళలు పడితే ఇంకా తగ్గుతుంది. ఇది వైద్యం చదివిన ప్రతివాళ్ళకూ తెలుసు. అడక్కపోతే మాయమ్మకు మిగిలిన మాట ఒకటే: "నా ఖర్మ నాయనా."

పుట్టుకను చూపించి మనల్ని ఊరి బయట పెట్టినవాళ్ళకు ఈ మాట ఎంత సుఖమో ఆలోచించండి. ఖర్మకు కూలి ఇచ్చిన ఆసామి బాధ్యుడు కాడు, సర్కారూ బాధ్యురాలు కాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జనం ఏళ్ళతరబడి గొంతెత్తితే 2023లో పలాసకు 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. జబ్బుకు అసలు కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. 2019లో డయాలసిస్ పింఛను నెలకు 10,000 చేశారు. మంచిదే. కానీ సర్కారు లెక్కలోకి ఎక్కాలంటే మనిషి మిషను పక్కన పడుకోవాల్సిందేనా?

మన జిల్లాలోనే వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్నారు. అది తాగునీళ్ళలో కలిస్తే ముందు దెబ్బతినేది కిడ్నీయే. చుట్టుపక్కల ఊళ్ళు బోరు నీళ్ళ గురించి మొత్తుకుంటూనే ఉన్నాయి. అక్కడ జబ్బు ఉందని నేను తీర్పు చెప్పడం లేదు. పరీక్ష చేయమంటున్నా.

క్రియాటినిన్ పెరిగి కనబడేసరికే కిడ్నీ పని దాదాపు సగం పోయి ఉంటుంది. అందుకే రక్తంతోపాటు మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూడాలి. ఏటా, వాడవాడలో, పనిచోట్ల. బోరు నీళ్ళ ఫలితం తెలుగులో రాసి సచివాలయం గోడకు అంటించాలి.

1927లో మహాడ్ చెరువు నీళ్ళు తాగే హక్కు కోసం బాబాసాహెబ్ నడిచాడు. ఆ నీళ్ళలో ఏముందో తెలుసుకునే హక్కు కోసం మనం నడవాలి. విద్యార్థులారా, ఈ సెలవుల్లో మీ వాడలో మొదలుపెట్టండి. అడగని ఆ నాలుగు ప్రశ్నలూ ఇంటింటికీ పోయి అడగండి, రాసుకోండి.

జై భీమ్.