నలుపు వెలిసిన బంపరు: మెరుపు వేరు, మన్నిక వేరు

మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఒక సోదరుడు రాసిన ఉత్తరం ఈ నెల శీర్షికకు ఆధారం. ఆయనకు ఏడేళ్ల నాటి చిన్న కారు ఉంది. పెళ్లిళ్లకు, ఆసుపత్రి ప్రయాణాలకు దానిని కిరాయికి నడుపుతూ కుటుంబాన్ని పోషించుకుంటున్నారు. “ఇంజను బాగుంది, రంగు బాగుంది. కాని బంపరు కింది భాగం, తలుపుల నల్ల పట్టీలు, వైపర్ల కింద ఉండే నల్ల పలక బూడిద రంగుకు తిరిగాయి. చూసినవారు బండి పాతబడిందని కిరాయి తగ్గించమంటున్నారు. ఒక మెకానిక్ కాలిన ఇంజనాయిలు పూయమన్నాడు. నేను, మా అబ్బాయి కలిసి రెండుసార్లు పూశాము. పదిరోజులకే మళ్లీ మొదటికి వచ్చింది. ఇంకొకరు వేడి గాలి పట్టిస్తే నల్లబడుతుందంటున్నారు. ఏది మేలు?” అని ఆయన అడిగారు.

సోదరా, అన్నింటికంటే ముందు ఒక మాట. ఆ నూనెను మీ అబ్బాయి చేత ఇక ముట్టించవద్దు. కాలిన ఇంజనాయిలులో క్యాన్సర్ కలిగించగల రసాయనాలు ఉంటాయి. అవి చర్మం ద్వారా లోపలికి పోతాయి. బండి మెరుపు కంటే బిడ్డ చేతులు ముఖ్యం. ఇక అసలు విషయానికి వద్దాం.

నలుపు ఎందుకు వెలుస్తుంది?

కారు తలుపులకు, బానెట్‌కు ఉన్నట్లు ఈ నల్ల భాగాలకు పైన రంగు పూత ఉండదు. వీటిలో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. గట్టిగా తగిలినా పగలకుండా అందులో కొంత రబ్బరు వంటి పదార్థాన్ని, గట్టిదనం కోసం టాల్కం పొడిని కలుపుతారు. నలుపు కోసం కార్బన్ బ్లాక్ అనే మసి పొడిని ముద్దలోనే కలిపి అచ్చు పోస్తారు. కనుక నలుపు పైపైన ఉన్నది కాదు, లోపలి వరకు ఉన్నదే. అయినా పైకి బూడిద రంగు కనిపించడానికి కారణం ఎండ.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలీప్రొపిలీన్ అణువుల పొడవైన గొలుసులను తెంపుతాయి. గాలిలోని ఆక్సిజన్ ఆ తెగిన చోట చేరి పనిని ఇంకా ముందుకు నడుపుతుంది. దీనిని ఆపడానికి తయారీలోనే కొన్ని రక్షక రసాయనాలను కలుపుతారు. అవి ఏళ్ల తరబడి కాపలా కాసి క్రమంగా ఖర్చయిపోతాయి. అప్పుడు పై పొర పెళుసెక్కి, కంటికి కనిపించనంత సన్నని పగుళ్లు ఏర్పడతాయి. ఆ పగుళ్లపై పడిన వెలుతురు నలుదిక్కులా చెదరడం వల్ల మనకు తెల్లదనం కనిపిస్తుంది.

మన ఇళ్లలోని కడప బండను చూడండి. ఆరినప్పుడు బూడిద రంగు, తడిపితే నలుపు. నీరు బండలోని సూక్ష్మమైన గరుకుదనాన్ని నింపినంతసేపు నలుపు, ఆరగానే మళ్లీ బూడిద. బంపరు విషయమూ ఇంతే. మనం దానిపై పూసే ప్రతి ద్రవమూ ఆ నీటి పనినే చేస్తుంది. తేడా అంతా అది ఎంతకాలం అక్కడ నిలుస్తుందన్నదే. ఈ ఒక్క సంగతి తెలిస్తే బజారులోని సీసాల మీద రాసిన మాటలను తూకం వేసుకోవడం సులువు.

తెల్లదనం మూడు రకాలు

మందు కొనే ముందు జబ్బు తెలియాలి. బండిని నీడలో నిలిపి, వెలిసిన భాగాన్ని కడిగి, పూర్తిగా ఆరనిచ్చి ఇలా పరీక్షించండి.

తడి గుడ్డతో తుడిచినప్పుడు ఒకే తీరుగా నల్లబడి, ఆరగానే ఒకే తీరుగా బూడిద రంగుకు తిరిగితే అది ఎండ వల్ల వెలిసినది. వేలితో రుద్దితే కొన్నిసార్లు సన్నని పొడి కూడా అంటుతుంది. వైపర్ల కింది పలక, బంపరు పై అంచు వంటి ఆకాశం వైపు తిరిగి ఉన్న భాగాలలో ఇది ఎక్కువగా ఉంటుంది.

తెలుపు అంతటా కాక రంగు పూసిన భాగాన్ని ఆనుకొని గీతలుగా, ప్లాస్టిక్ గరుకులో ఇరుక్కొన్న ముద్దలుగా ఉంటే అది బాడీకి రుద్దిన పాలిష్ లేదా మైనం. ఇది వెలవడం కాదు, మరక మాత్రమే. తడిపినా తెల్లగానే ఉంటుంది. పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలావరకు ఊడివస్తుంది.

అద్దాల కింద, వైపర్ల కింద నీరు కారిన దారి వెంట చారలుగా, గుండ్రని మచ్చలుగా ఉంటే అది బోరునీటిలోని సున్నం. వెనిగర్‌లో అంతే నీరు కలిపి, గుడ్డను తడిపి మచ్చపై ఒకటి రెండు నిమిషాలు ఉంచి, తుడిచి, వెంటనే మంచినీటితో కడిగితే కరుగుతుంది. క్రోమ్, అల్యూమినియం భాగాలపై దానిని నిలవనీయకండి.

చివరి రెండు రకాలకూ నలుపు చేసే మందుతో అవసరమే లేదు. వాటిపై మందు పూస్తే మరక అడుగున ఉండిపోతుంది, డబ్బు వృథా అవుతుంది.

కడగడమే సగం పని

ఎండకు వెలిసిన భాగానికి ఏ పూత పూసినా, అది నిలవాలంటే అడుగు శుభ్రంగా ఉండాలి. ముందు నీటిని ధారగా పోసి మట్టి, ఇసుక పోగొట్టాలి. పొడి గుడ్డతో తుడిస్తే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. తరువాత కార్ షాంపూ నీటిలో ముంచిన మెత్తని బ్రష్షుతో గరుకు లోతుల్లోకి వెళ్లేలా రుద్దాలి. కాలిపోయిన నూనె, పాత పూతల జిడ్డు ఉంటే రెండు మూడు సార్లు కడగవలసి వస్తుంది. ఉత్తరం రాసిన సోదరునికి ఈ పని ఎక్కువే పడుతుంది. నురుగు నల్లగా రావడం ఆగేవరకు కడగడం మంచి గుర్తు.

బట్టల సబ్బుపొడి, పాత్రలు తోమే పీచు వద్దు. మొదటిది ఘాటైన క్షారం, రెండవది గీతలు పెట్టేది. ప్లాస్టిక్ బాగా ఆరిన తరువాత ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో ఒకసారి తుడిస్తే మిగిలిన జిడ్డు పోతుంది. ఆల్కహాల్ మండే స్వభావం గలది కనుక గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా ఉండి వాడాలి.

పైన ఏది పూయాలి?

బజారులో దొరికే వాటిని మూడు తరగతులుగా చూడవచ్చు.

మొదటిది డ్రెస్సింగ్. నీటిలో సిలికోన్ నూనె కలిపిన పాలవంటి ద్రవం. స్పాంజితో పల్చగా పూసి, మిగిలినది తుడిచివేయాలి. ధర తక్కువ, పని సులువు. కొన్ని వారాలు నిలుస్తుంది, వానలు పడితే ఇంకా త్వరగా పోతుంది. అప్పుడప్పుడే వెలవడం మొదలైన భాగాలకు, తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగులకు ఇది చాలు. జిడ్డుగా, తళతళలాడుతూ ఉండేవాటి కంటే ఆరిన తరువాత మామూలుగా కనిపించేవి మేలు, ఎందుకంటే జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది.

రెండవది నల్ల రంగుపొడి కలిసిన రెస్టోరర్. వెలిసిన పొరపై కొత్త నల్లని పల్చటి పొరను వేస్తుంది. బాగా తెల్లబడిన భాగాలకు అనువైనది. నెలల తరబడి ఉంటుంది. అయితే చేతికీ, పక్కనున్న రంగుకూ అంటితే వదిలించడం కష్టం.

మూడవది ట్రిమ్ కోటింగ్. సిరామిక్ కోటింగ్ అన్న పేరుతో అమ్మేవి చాలావరకు ఈ తరగతివే. ఇది ఆరి గట్టిపడి, ప్లాస్టిక్‌ను అంటిపెట్టుకొనే పొర. శ్రద్ధగా వేస్తే ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. సీసా చిన్నదైనా ధర ఎక్కువే, కాని కొద్ది చుక్కలతో చాలా దూరం వస్తుంది. రోజంతా ఎండలో నిలిచే కిరాయి బండికి లెక్క చూస్తే ఇదే లాభం. నెలకొకసారి డ్రెస్సింగు పూసే శ్రమ, ఖర్చు తప్పుతాయి.

రెండవ, మూడవ తరగతుల వాటిని పూసేటప్పుడు రంగు అంచుల వెంట పెయింటర్లు వాడే కాగితపు టేపు అంటించండి. చేతి తొడుగులు వేసుకోండి. ప్లాస్టిక్ చల్లగా ఉండాలి, బండి నీడలో ఉండాలి. జానెడు చోటు చొప్పున పూసి, సీసాపై చెప్పిన వ్యవధిలో మిగులును తుడిచి, ముందుకు సాగండి. బాడీ రంగుపై చుక్క పడితే గట్టిపడక ముందే తుడవండి. తరువాత ఒక పగలు, ఒక రాత్రి నీరు తగలనీయకండి. మొదట కంటికి ఆనని మూలలో కొంచెం పూసి చూడడం ఎప్పుడూ మంచిది.

ఈ పూతలేవీ స్టీరింగ్‌కు, పెడల్‌లకు, సీట్లకు, టైరు నేలకు ఆనే భాగానికి, బ్రేకులకు తగలరాదు. అవి జారుతాయి, ప్రాణాపాయం. ముందు అద్దంపై సిలికోన్ పడితే రాత్రివేళ ఎదురు దీపాల వెలుగు చెదిరి దారి కనిపించదు.

చిట్కాల సంగతి

కాలిన ఇంజనాయిలు గురించి చెప్పుకున్నాము. అది మనిషికే కాదు, బండికీ చెరుపే. తలుపుల రబ్బరు బీడింగులు పెట్రోలియం నూనెలకు ఉబ్బి మెత్తబడతాయి. వానకు కారి నేలలోకీ, నీటిలోకీ చేరుతుంది. కిరసనాయిలు, డీజిల్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. కొబ్బరినూనె అపాయం లేనిదే గాని రెండు రోజుల్లో దుమ్మును పట్టి ముద్ద కడుతుంది, తరువాత ముక్కిపోతుంది. బూటు పాలిష్ పిల్లల బట్టలకు, ఆనుకున్నవారి చీరలకు అంటుతుంది.

వేడి గాలి చిట్కాలో కొంత నిజం ఉంది. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. హీట్ గన్ పట్టినప్పుడు పై పొర మెత్తబడి, పగుళ్లు పూడుకొని, నలుపు తిరిగి కనిపిస్తుంది. లోపలి నూనె పైకి వచ్చిందని కొందరు చెప్పేది సరికాదు. ఖర్చయిపోయిన రక్షక రసాయనాలు వేడితో తిరిగి రావు. కనుక ఎండ మళ్లీ తన పని మొదలుపెడుతుంది. పైగా చెయ్యి ఒక్క క్షణం ఆగితే భాగం వంకర పోతుంది, గరుకు చెరిగి మెరిసే మచ్చ పడుతుంది, పక్కనున్న రంగు పొంగుతుంది. ఆ మచ్చలను మళ్లీ సరిచేయలేము. ఇంటి దగ్గర చేయదగిన పని కాదు.

స్ప్రే రంగు వేయించాలనుకుంటే ఒక్క జాగ్రత్త. పాలీప్రొపిలీన్‌కు రంగు సులభంగా అంటదు. ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పూయని రంగు పొరలు పొరలుగా లేచిపోయి, వెలిసినదాని కంటే అధ్వాన్నంగా కనిపిస్తుంది.

అన్నింటికంటే చవకైన పూత నీడ

ఒకే చోట నిలిచే బండిని గమనించండి. పడమటి ఎండ తగిలే వైపు ముందుగా వెలుస్తుంది. చెట్టు నీడా, రేకుల పందిరీ, గోడ నీడా ఏది దొరికినా అక్కడ నిలపండి. దొరకని చోట వారానికొకసారి బండి ముఖం తిప్పి నిలిపినా ఎండ రెండు వైపులకూ పంచుకుంటుంది. కవరు వాడితే గాలి ఆడే గుడ్డ కవరు వాడండి. బండి దుమ్ముగా ఉన్నప్పుడు కవరు కప్పితే గాలికి అది ఆకురాయిలా గీస్తుంది. బాడీకి పాలిష్ చేయించేటప్పుడు నల్ల పట్టీలపై టేపు వేయమని ముందే చెప్పండి. గల్ఫ్‌లో ఉన్న మన సోదరుల బండ్లకు ఎండకు తోడు ఇసుక గాలి కూడా ఉంటుంది. అక్కడ నీరు పోయకుండా తుడిచే అలవాటు మానడమే మొదటి రక్షణ.

పూతతో తీరని స్థితి కూడా ఉంటుంది. బొటనవేలితో నొక్కితే పటపటమని చిట్లే భాగానికి, క్లిప్పులు విరిగిన పట్టీకి ఏ మందూ పనిచేయదు. మార్చడమే మార్గం. ముఖ్యంగా వైపర్ల కింది పలక అలంకారం కాదు. వాననీటిని పక్కలకు మళ్లించేది అదే. అది పగిలితే నీరు పోకూడని చోటికి పోతుంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క భాగానికే సరిపోతే దానికే పెట్టండి, తక్కినవాటికి డ్రెస్సింగుతో సరిపెట్టండి.

బండి అమ్మేముందు నలుపు తెప్పించడంలో తప్పు లేదు. ఇల్లు అమ్మేముందు సున్నం వేయించడం వంటిదే. కాని బంపరు పగులును రంగుతో కప్పి, బండి ఏ దెబ్బా తినలేదని చెప్పడం వేరు. లోపం దాచి అమ్మిన సొమ్ము మనకు తగదని ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. పగులు ఉంటే చూపించి, ధర మాట్లాడుకోండి.

కారు దీపాల ప్లాస్టిక్ అద్దాలు పసుపెక్కి రాత్రి వెలుతురు తగ్గడం కూడా ఎండ చేసే పనే. దాని సంగతి వచ్చే నెల చూద్దాం.