గర్భిణుల మధుమేహము – ఇంటివారి బాధ్యత

కోడలు గర్భవతి యని తెలిసిన దినము మొదలు మన రైతుల యిండ్లలో ఆమె యిద్దరి తిండి తినవలెనను మాట వినబడుచుండును. అన్నము కొసరి కొసరి వడ్డింతురు. బెల్లపు పాయసములు, సున్నియుండలు చేసి పెట్టుదురు. పిమ్మట ఆసుపత్రిలో పరీక్షించి నెత్తుట చక్కెర హెచ్చినదని చెప్పినంతనే ఆ యింటివారే భయపడి ఆమెకు అన్నము మాన్పింతురు. ఈ రెండును పొరపాటులే యని మా యభిప్రాయము.

ఈ వ్యాధి ఆమె చేసిన తప్పు కాదు. గర్భము పెరుగుకొలది మావి నుండి పుట్టు హార్మోనులు ఇన్సులిన్ పనిని మందగింపజేయును. శరీరము ఆ లోటు పూడ్చుకొనలేనపుడు నెత్తుట చక్కెర హెచ్చును. అది శిశువునకు చేరగా శిశువు మితిమీరి పెరిగి కాన్పు కష్టము కావచ్చును. తరచుగా పైకి ఏ బాధయు కనబడదు. కావున పరీక్ష చేయింపక తప్పదు. 2018లో భారత ప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములను బట్టి గర్భిణి తొలిసారి వచ్చినపుడును, 24–28 వారముల నడుమ మరల నొకసారియు 75 గ్రాముల గ్లూకోజు నీట కలిపి త్రాగించి, రెండు గంటల పిదప పరీక్షింపవలెను. డెసిలీటరునకు 140 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని యున్నచో వ్యాధి యున్నట్లు.

ఇట్టివారిలో పెక్కుమందికి ఆహారనియమముతోనే చక్కెర అదుపునకు వచ్చును. కాలువ నీరంతయు ఒక్కసారి మడిలోనికి త్రిప్పిన గట్టు తెగును. నీరే పెట్టకున్న పైరు ఎండును. భోజనమును తడులవలె పంచి యీయవలెను: మూడు పూటలు మితముగా, నడుమ రెండు మూడు మారులు గుగ్గిళ్లు, మజ్జిగ వంటివి కొంచెముగా. అన్నము తగ్గించి పప్పు, ఆకుకూరలు, బీర, సొర, బెండ, గ్రుడ్లు హెచ్చింపవలెను. చక్కెర, బెల్లము, పండ్లరసములు మానవలెను. రాగులు, కొఱ్ఱలు మంచివే. కాని అవియు పిండిపదార్థములే గనుక కొలత తప్పరాదు. వైద్యులు వలదనకున్న భోజనానంతరము కొంతసేపు నడచుట మేలు. రెండు వారములు ఇట్లు నడచినను భోజనమైన రెండు గంటలకు చక్కెర 120 మిల్లీగ్రాములకు తగ్గనిచో, వైద్యులు చెప్పిన మందు గాని ఇన్సులిన్ గాని వెనుదీయక పుచ్చుకొనవలెను.

అయితే ఈ నియమము గర్భిణి యొక్కతె పాటింపగలదా? మన యిండ్లలో కోడలు అందరికంటె కడపట భుజించును. పప్పును కూరయు ముందువారికి చెల్లిపోగా, ఆమెకు మిగులునది అన్నమును పచ్చడియు మాత్రమే. వేళ తప్పిన ఈ భోజనము ఆమెకు తగనిది. ఆమెకు ముందుగా వడ్డింపుడు. ఆమెకొక్కతెకే వేరు వంట చేసిన అది శిక్షవలె తోచును. ఇంటిల్లిపాదియు అదే భుజించుట మేలు.

మన సంఘములు ఎరువులు, విత్తనములతో పాటు పప్పుధాన్యములను, చిరుధాన్యములను సరసమైన ధరకు సభ్యులకు అందజేయుట యుచితమని మా సూచన. కాన్పైన ఆరు వారములకు తల్లికి మరల పరీక్ష చేయింపుడు. చక్కెర అప్పటికి తగ్గినను ముందు ముందు మధుమేహము వచ్చు నవకాశము ఆమెకు హెచ్చు. పొలము పనుల తొందరలో ఆ దినమును మరువవలదని సభ్యులను కోరుచున్నాము.