పాత వాచీ కొంటున్నారా... ఒక్క నిమిషం!

ఎర్రగడ్డ ఆదివారం సంత. నేలమీద పరిచిన దుప్పటి. తుప్పు పట్టిన తాళాలు, చెడిపోయిన రిమోట్లు, జత తప్పిన ఛార్జర్లు... వాటి మధ్యలో ఓ పది పాత వాచీలు. అటుగా వెళ్లేవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా ఆగుతారు. వంగి, ఒకటి తీసి, నాలుగు తిప్పులు కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుంటారు. టిక్... టిక్... టిక్. అంతే, మొహం వెలిగిపోతుంది. 'అరె, ఇంకా నడుస్తోందే!' అనుకుంటూ జేబులో చెయ్యి పెడతారు.

ఆ చెయ్యి డబ్బుతో బయటికి వచ్చేలోపు ఒక్క నిమిషం ఆగమని చెప్పడానికే ఈ వారం ఈ కబుర్లు.

సెల్‌ఫోన్లో సెకన్లతో సహా టైము కనిపిస్తుంటే పాత కీ వాచీ ఎందుకు చెప్పండి? అవసరానికైతే ఎవరూ కొనరు. ఎవరో గుర్తొచ్చి కొంటారు. పదో తరగతి పాసైతే నాన్న చేతికి పెట్టిన వాచీ, పెళ్లిలో మావగారు పెట్టిన వాచీ. సైకిలు, రేడియో, వాచీ... ఈ మూడింట్లో ఒకటి తగ్గినా పెళ్లికొడుకు అలిగే రోజులు మన ఊళ్లలో ఉండేవి మరి!

బాబాయి వాచీ

మా బాబాయి ఆర్టీసీలో కండక్టరుగా చేశాడు. 1982లో పెళ్లయితే అత్తవారు హెచ్‌ఎంటీ జనతా పెట్టారు. బస్టాండులో బస్సు కదలాలంటే ఆ వాచీ చూసుకుని విజిల్ ఊదాల్సిందే. 1991లో మా తమ్ముడు పుట్టినప్పుడు పిన్నికి ఆపరేషనైంది. చేతిలో డబ్బు చాల్లేదు. బాబాయి ఆ వాచీని తోటి కండక్టరుకి అమ్మేశాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. తమ్ముడికి మాత్రం ఎలాగో తెలిసింది. బాబాయి డెబ్భయ్యో పుట్టినరోజుకి అలాంటి వాచీ కొనివ్వాలని వాడి కోరిక. "అన్నా, పాతది దొరుకుతోంది, కొనెయ్యనా?" అని ఫోన్ చేశాడు. అలా మొదలైంది మా వెతుకులాట.

మొదట ఈ వాచీల పుట్టుపూర్వోత్తరాలు కాస్త. హెచ్‌ఎంటీ 1953లో యంత్ర పరికరాల కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థ. 1961లో జపాన్‌కి చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. ఆ తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలోనూ ఫ్యాక్టరీలు వచ్చాయి. జనతా, పైలట్, సోనా, కోహినూర్, కాంచన్... ఒక్కో పేరుకీ ఒక్కో ఇంట్లో ఒక్కో కథ. మన హైదరాబాద్ ఆల్విన్ కూడా 1980ల్లో జపాన్ సీకో సహకారంతో వాచీలు తయారుచేసింది. ఈలోగా బ్యాటరీ వాచీలు వచ్చిపడ్డాయి. 1984లో పుట్టిన టైటన్ వాటితోనే ఇంటింటికీ చేరింది. కీ వాచీ సొరుగులోకి వెళ్లిపోయింది. చివరికి 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇక తయారవ్వదని తెలిస్తే చాలు కదా, మనకి ప్రేమ పుట్టుకొచ్చేస్తుంది. పాత వాటికి గిరాకీ పెరిగింది. గిరాకీ ఉన్నచోట మాయా ఉంటుంది.

మెరిస్తే అనుమానించండి

తమ్ముడు ముందు చూపించిన వాచీ ధగధగలాడిపోతోంది. తెల్లటి డయలు, నల్లటి అంకెలు, గీత పడని అద్దం. యాభై ఏళ్ల వస్తువుకి అంత నిగారింపు ఎక్కణ్నుంచి వచ్చినట్టు?

పాత డయలు గీకేసి మళ్లీ రంగు వేసి, పేరు అచ్చు కొట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. భూతద్దం పెట్టి చూస్తే దొరికిపోతుంది. అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటాయి. నిమిషాల గీతలు సమానంగా ఉండవు. అంకె ఎదురుగా ఉండాల్సిన గీత పక్కకి జరిగి ఉంటుంది. కంపెనీ ఎప్పుడూ చేయని ఎరుపు, ఆకుపచ్చ డయళ్లు కూడా ఆ పేరుతోనే కనిపిస్తాయి. లోపలి యంత్రం ఒకదానిది, డయలు ఇంకోదానిది, ముళ్లు మరోదానివి అయి ఉండొచ్చు. అందుకే వెనకమూత తీయించకుండా బేరం మొదలుపెట్టకండి. మూత తీయనన్నాడంటే కొననక్కర్లేదని అర్థం.

దానికంటే పసుపెక్కిన డయలు, మాసిన అంకెలు ఉన్న వాచీ మేలు. దాని వయసు అది దాచుకోవడం లేదు. అద్దం మీది గీతలు చూసి కూడా భయపడొద్దు. ఆ కాలపు వాచీలకి ఎక్కువగా ప్లాస్టిక్ అద్దాలే. కాస్త టూత్‌పేస్టు పెట్టి మెత్తటి గుడ్డతో రుద్దితే చిన్న గీతలు మాయమవుతాయి. భయపడాల్సింది అద్దం లోపలి చెమ్మకి, యంత్రం మీది తుప్పుకి.

వెనక 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంటే వాచీ మొత్తం స్టీలు అనుకునేరు! మూత ఒక్కటే స్టీలు. మిగతాది చాలావాటిలో ఇత్తడి మీద పూత. చెమట తగిలే చోట పూత లేచిపోయి పసుపు రంగు బయటపడుతుంది. '17 జ్యువెల్స్' అన్నా అంతే. అవి ఫ్యాక్టరీలో చేసిన కెంపులు. ఇరుసులు అరిగిపోకుండా పెడతారు. విప్పి అమ్ముకుంటే ఒక్కపూట భోజనం కూడా రాదు.

ఇంకో మాట. మరీ పాతవాటిలో, అంటే 1960లకి ముందువాటిలో, చీకట్లో మెరవడానికి నిజంగానే రేడియం పూసేవారు. ఇప్పుడు మెరుపు పోయినా రేడియం పోదు. అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అలాంటి వాచీని ఇంట్లో విప్పి ఆ రంగు గీకే పని మాత్రం పెట్టుకోవద్దు.

నడుస్తోంది... అయితే?

సంతలో 'నడుస్తోంది' అన్న ఒక్కమాటకే సగం బేరం కుదిరిపోతుంది. కానీ ఈ లెక్క చూడండి. ఆ కాలపు కీ వాచీల్లో చాలావరకు సెకనుకి ఐదుసార్లు టిక్కుమంటాయి. గంటకి 18 వేలు, రోజుకి 4 లక్షల 32 వేలు. ఏడాదికి దాదాపు 15 కోట్ల 77 లక్షలు! ఇంత చాకిరీకీ లోపల ఉండేది ఒకటీ అరా బొట్ల నూనె. వాడినా వాడకపోయినా కొన్నేళ్లకి అది ఎండిపోతుంది. ఎండిన వాచీ కూడా నడుస్తుంది. నడుస్తూ నడుస్తూ తన ఇరుసుల్ని తానే అరగదీసుకుంటుంది.

కాబట్టి చెవి దగ్గర పెట్టి వింటే సరిపోదు. కీ మెల్లగా ఇవ్వండి. జారుతున్నట్టు, గరగరమన్నట్టు ఉంటే వదిలేయండి. కీ పైకి లాగి ముళ్లు తిప్పి చూడండి. ముళ్లు ఒకదానికొకటి తగలకూడదు. వాచీని వెల్లకిలా, బోర్లా, నిలువుగా పట్టుకోండి. ఏ వాలులోనూ ఆగకూడదు. వీలైతే ఓ రోజు ఉంచుకుని చూస్తానని అడగండి. రోజుకి నిమిషం అటూ ఇటూ అయితే సర్వీసింగ్‌తో దారికొస్తుంది. ఉన్నట్టుండి చాలా ముందుకి పరిగెడుతుంటే స్పీకరు లాంటి అయస్కాంతం పక్కన పెట్టారేమో. దానికి మెకానిక్ దగ్గర చిటికెలో మందుంది.

ధర కట్టేటప్పుడు వాచీ ఖరీదు ఒక్కటే చూడకండి. సర్వీసింగ్, అద్దం, పట్టీ కూడా కలిపి మొత్తం వేయండి. అన్నిటికంటే ముందు, మీ ఊళ్లో కీ వాచీ విప్పి బిగించగల మనిషి ఉన్నాడా, లేడా? బ్యాటరీ మార్చేవాళ్లు వీధికొకరు. కంటికి భూతద్దం బిగించి నూనె వేసేవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ మనిషి లేనిచోట పాత వాచీ ఒక గాజు. ఉంటే ఆయన్నే అడిగి కొనండి.

మేం చేసింది అదే. ధగధగలాడే వాచీ మూత తీయించి చూసిన మెకానిక్, ఏమీ అనకుండా మళ్లీ మూసి మా చేతిలో పెట్టేశాడు. ఇంకో రెండు చూశాం. మూడోది బాగా వాడిన జనతా. ఇత్తడి బయటపడింది, డయలు వెన్న రంగుకి తిరిగింది. మూత తీస్తే లోపల సూదితో గీసినట్టు సన్నటి తేదీలు మూడు కనిపించాయి. సర్వీసింగ్ చేసినప్పుడల్లా మెకానిక్‌లు వేసుకునే గుర్తులట అవి. "ఇది తీసుకోండి" అన్నాడాయన.

పుట్టినరోజున బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నాది కాదు కదరా" అన్నాడు. తమ్ముడి మొహం చిన్నబోయింది. మూత లోపలి తేదీల సంగతి నేను చెప్పాను. బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత చేతికి పెట్టుకుని, "ఎవడోగానీ, బాగానే చూసుకున్నాడు" అన్నాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే కాఫీకి ముందు కీ ఇస్తున్నాడట.

పోయిన వాచీ తిరిగి రాదు. సంతలో దొరికేది ఇంకెవరి కష్టసుఖాలో చూసిన వాచీ. ఆ సంగతి ఒప్పుకుని, దాన్ని దానికోసమే బాగా చూసుకుంటానంటే కొనండి. జ్ఞాపకాన్ని కొంటున్నాననుకుంటే మాత్రం అడిగినంతా ఇచ్చేస్తారు, ఆనక బాధపడతారు.

అసలు బజారుకి వెళ్లేముందు మీ ఇంటి బీరువా సొరుగు ఓసారి లాగి చూడండి. పాత రసీదుల కింద, విరిగిన కళ్లజోడు పక్కన తాతగారి వాచీ ఒకటి ఆగిపోయి ఉండొచ్చు. బ్యాటరీదైతే కారిపోయి లోపల పాడుచేయకముందే ఆ బ్యాటరీ తీయించండి. కీ వాచీ అయితే బలవంతంగా తిప్పకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన దుకాణం ఇంకా తెరిచి ఉండగానే!