ఉప్పును అడ్డగించుట న్యాయమా?

యుద్ధము చేయుచున్న రాజ్యమును లొంగదీయుటకై ఇతర రాజ్యములు దానితో వర్తకము మానుట నేటి లోకమున తరచుగా వినబడుచున్నది. 2022లో రష్యా ఉక్రెయినుపై దండెత్తినప్పుడును అట్లే జరిగెను. ఫిరంగులు పేల్చుటకంటె ఇది మేలని పెద్దలందురు. మేమును కాదనము. కాని దేనిని ఆపవలెను, దేనిని విడువవలెను అను విచారణ లేని కట్టడి గురి తప్పునని మా అభిప్రాయము.

ఇందుకు నిదర్శనము మన గడ్డమీదనే కలదు. 1947 నవంబరు 29న నిజామునకును భారత ప్రభుత్వమునకును యథాతథ ఒడంబడిక కుదిరినను వైరము చల్లారలేదు. రజాకారుల దౌర్జన్యములచే పల్లెలు తల్లడిల్లుచుండెను. కావున ఒత్తిడి తెచ్చుటకు కారణము లేదని మేమనము. అయినను మన హుస్నాబాదు నాడు చేరియుండిన ఆ రాజ్యమునకు సముద్రతీరము లేదు. ఉప్పు మొదలు పెట్రోలు వరకు సమస్తమును ఎల్లలు దాటియే రావలెను. 1948లో మందులు మొదలగు సరకులను సరిహద్దులయందు ఆపుచున్నారని నిజాము ప్రభుత్వము మొరపెట్టెను. అట్టి దిగ్బంధమును తాము విధింపలేదని భారత ప్రభుత్వము బదులు చెప్పెను. ఆ వాద మెట్లున్నను ఒక్క సంగతి గమనింపుడు. ఆ నెలలలోనే సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి విమానములలో ఆయుధములను హైదరాబాదు రాజ్యమునకు చేరవేసెను. తుపాకి ఆకాశమున రాగలిగెను. పేదవాని ఉప్పు బస్తాకు బండిదారియే గతి. తుదకు సెప్టెంబరు 13న సేనలు ప్రవేశించిన పిమ్మటనే, 17వ తేదీన, నిజాము లొంగెను.

పరదేశముల కథయు నిట్టిదే. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తగా, నానాజాతి సమితి నవంబరు 18 నుండి కట్టడి విధించెను. యుద్ధశకటములను నడపు చమురును మాత్రము అందు చేర్చలేదు. 1936 మే 5న ఇటలీ సేనలు అడిస్ అబాబాను చేరెను. జూలైలో కట్టడిని ఎత్తివేసిరి. 1990 ఆగస్టు 6న ఐక్యరాజ్య సమితి ఇరాకుపై విధించిన నిషేధమునుండి మందులను మినహాయించినను, చమురమ్మి ఆహారము కొనుక్కొను ఏర్పాటు 1996 డిసెంబరు వరకు అమలునకు రాలేదు. సద్దాం హుసేను 2003 వరకు గద్దెమీదనే యుండెను.

కష్టము కలిగిననే ప్రజలు ప్రభువును నిలదీయుదురని కొందరి వాదము. నిజామును దింపుటకు ఓటు లేని రైతు ఎవరిని నిలదీయగలడు?

విద్యార్థులారా! తరగతిలో నొక్కడు తప్పు చేయగా అందరికిని మధ్యాహ్నపు అన్నము మాన్పించు ఉపాధ్యాయుని మీరు న్యాయవంతుడందురా? ఆయుధములను, సేనల చమురును, పాలకుల ధనమును ఆపుదురు గాక. ఉప్పును, మందును, గింజలను అడ్డగింపరాదు. రేపు అధికారస్థానములలో కూర్చుండువారు మీలోనివారే. ఈ భేదమును నేడే నేర్చుకొనుడు.