ఆ కథల్లో మనమెక్కడ?

సైన్స్ ఫిక్షన్ అనగానే మనలో చాలామంది పేజీ తిప్పేస్తాం. రాకెట్లూ, రోబోలూ మనకెందుకులే అనుకుంటాం. కానీ అమెరికా రచయిత్రి ఆక్టేవియా బట్లర్ సంగతి వింటే మీరూ కాస్త ఆగుతారు.

1947లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో, పేద నల్లజాతి కుటుంబంలో పుట్టిందావిడ. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఇళ్లల్లో పాచిపని చేసి పెంచింది. యజమానులు పారేసిన పుస్తకాలు కూతురికి తెచ్చిచ్చేదిట. పదేళ్ల పిల్ల అడిగిందని టైప్‌రైటర్ కూడా కొనిపెట్టింది. డిస్లెక్సియా వల్ల చదవడం కష్టమైనా ఆ పిల్ల రాయడం మానలేదు. పెద్దయ్యాక గిన్నెలు కడిగే పని, చిప్స్ ఫ్యాక్టరీలో పని... ఏది దొరికితే అది చేస్తూ, తెల్లవారుజామున రెండింటికే లేచి రాసుకునేది.

1970లో క్లారియన్ అనే రచనా శిక్షణ శిబిరంలో విద్యార్థినిగా చేరింది. తర్వాత్తర్వాత అక్కడే పాఠాలూ చెప్పింది. కొత్తగా రాసేవాళ్లకి ఆవిడ ఇచ్చిన సలహా చాలా సింపుల్. ప్రేరణ కోసం ఎదురుచూడకండి, రోజూ రాయడం అలవాటు చేసుకోండి అని. నిజమే కదండీ! మనం మూడ్ వచ్చాకే వంట చేస్తామా? నిన్న పప్పు మాడిందని ఇవాళ పొయ్యి వెలిగించకుండా ఉంటామా?

ఆవిడ చదువుకున్న సైన్స్ ఫిక్షన్ కథల్లో నల్లవాళ్లు దాదాపు లేరు. ఆడవాళ్లదీ అంతంతమాత్రమే. అందుకే తనలాంటి వాళ్లని తనే కథల్లోకి తెచ్చింది. 1979లో వచ్చిన 'కిండ్రెడ్' నవలలో 1976 నాటి నల్లజాతి యువతి డానా, బానిసల కాలానికి వెళ్లిపడుతుంది. ఆ నవల ఎలా పుట్టిందనుకున్నారు? కాలేజీలో ఒక నల్లజాతి కుర్రాడు, ఇన్నాళ్లూ అణిగిమణిగి పడున్నారని పెద్దవాళ్ల మీద మండిపడ్డాడట. అప్పుడావిడకి వాళ్లమ్మ గుర్తొచ్చింది. పనికెళ్లిన ఇంట్లోకి వెనక గుమ్మం నుంచి వెళ్లడం, మాటలు పడి ఊరుకోవడం... చిన్నప్పుడు అది చూసి ఆవిడా సిగ్గుపడింది. ఆ ఓర్పు వల్లే తన కడుపు నిండిందని తర్వాత అర్థమైంది. పిరికితనం కాదు, బతికించుకునే ధైర్యం అది!

భవిష్యత్తు మీరు రాసినంత ఘోరంగా ఉంటుందా అని ఓ విద్యార్థి ఆవిడని అడిగాడట. ఈ కష్టాలు నేను కల్పించినవి కావు, ఇవాళ మనం పట్టించుకోనివే రేపటికి పెరుగుతాయి అందిట. మరి పరిష్కారం? ఒక్కటంటూ లేదు, వేలున్నాయి, కావాలనుకుంటే నువ్వూ అందులో ఒకడివి కావచ్చు అని చెప్పింది. 2000లో రాసిన ఒక వ్యాసంలో ఈ సంగతి ఉంది.

1995లో ప్రతిష్ఠాత్మకమైన మెకార్థర్ ఫెలోషిప్ ఆవిడకి వచ్చింది. సైన్స్ ఫిక్షన్ రచయితల్లో అది అందుకున్న మొదటి వ్యక్తి ఆవిడే. 2006లో కన్నుమూసింది. 2021లో అంగారకుడి మీద పర్సెవరెన్స్ రోవర్ దిగిన చోటుకి నాసా ఆవిడ పేరే పెట్టింది. పాచిపని చేసిన తల్లి కూతురి పేరు ఇంకో గ్రహం దాకా వెళ్లిందన్నమాట!

మన అమ్మలూ, అత్తగార్లూ కూడా నోరు మూసుకుని ఎన్నో భరించారు. అవి ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లు మన మధ్య ఉండగానే అడిగి, రోజుకో నాలుగు లైన్లు రాసిపెట్టుకుంటే పోయేదేముంది? పాల లెక్క రాసే నోటుబుక్కైనా చాలు. ఏమంటారు?