స్త్రీ శిశు సంస్థలకు విరాళములు

మన పట్టణములలో ఏ ఆసుపత్రి వసారాలో నిలిచినను, ఏ పాఠశాల గోడను చూచినను దాతల పేర్లు చెక్కిన చలువరాతి పలకలు కానవచ్చును. అందులకు మేము సంతసింతుము. దాత పేరు రాతిమీద నుండుట తప్పు గాదు. కాని ఆ గోడల నడుమ పసిబిడ్డల నాడించు ఆయాకు నెలజీత మెవరిచ్చుచున్నారని యడిగినచో బదులు చెప్పువారు అరుదు. గదికి విరాళము దొరకును. గదిలో పనిచేయు మనిషికి దొరకదు. స్త్రీలకొరకు, శిశువులకొరకు మన యూళ్లలో వెలసిన చిన్న సంస్థలు పెక్కింటికి ఇదియే ప్రాణము తీయు జబ్బు.

గుంటూరు ప్రాంతమున మిరపకాయల తొడిమెలు తీయు కూలికి పోవు తల్లులు పసివారిని వెంటబెట్టుకొని పోవుట అందరెరిగినదే. ఆ ఘాటులో పెద్దలకే దగ్గు తెరపి యీయదు. ఏడాది బిడ్డ గతి యేమి? 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమువలన అంగన్‌వాడీలు ఊరూర నెలకొన్నవి. అవి చేసిన మేలు కాదనరానిది. అయినను అంగన్‌వాడీ సాధారణముగా కొన్ని గంటలు మాత్రమే నడచును. కూలితల్లి ప్రొద్దున పోయి ప్రొద్దుగ్రుంకి వచ్చును. ఆ నడిమివేళ బిడ్డను కనిపెట్టి చూచు శిశువిహారము కావలెను. దానికి కావలసిన దెంత? ఒక నీడ, మంచినీరు, నాలుగు ఉయ్యాలలు, అన్నిటికి మించి నమ్మదగిన యిద్దరు ఆడువారు. ఖర్చులో పెద్దపాలు వారి జీతమే. దానినే కొందరు దాతలు పరిపాలనవ్యయమని కొట్టివేయుదురు! ఆకలిగొన్న బిడ్డకు పాలుపట్టుట పరిపాలనమైనచో సేవ యనగా నేమో మాకు బోధపడదు.

మన పెద్దలకు ఈ తారతమ్యము తెలియును. 1922లో గుంటూరున శారదానికేతనమును నెలకొల్పిన ఉన్నవ దంపతులు గాని, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభను స్థాపించిన దుర్గాబాయమ్మ గాని మనుష్యులను తయారుచేయుటకే పూనుకొనిరి. 1944 ఫిబ్రవరి 22వ తేదీన కస్తూరిబా చెరలోనే కన్నుమూసెను. ఆమె పేర 75 లక్షల రూపాయలు ప్రోగుచేయ సంకల్పింపగా కోటికి మించి వచ్చెను. అంత ధనముతో నొక మహాసౌధమును లేపుట యెంతపని? గాంధీజీ యందుల కొప్పక, అది పల్లెలలోని స్త్రీలకును పిల్లలకును చేరవలె ననెను. గ్రామసేవికలకు తరిఫీదు ఇచ్చుట ఆ నిధికి ముఖ్యకార్యమాయెను. పిమ్మట మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంఘసేవా సంస్థల సాయమునకై 4 కోట్ల రూపాయలు కేటాయించిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి దుర్గాబాయమ్మయే తొలి అధ్యక్షురాలు. సర్కారు అన్నియు తానే చేయబూనుటకంటె ఊరిలో నున్న మహిళాసంఘమునకు చేయూత నిచ్చుట మేలను నమ్మకము ఆ యేర్పాటునకు మూలము.

నేడు ధనము వేరొక దారిని వచ్చుచున్నది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను 2014 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని పరిధిలోని కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో నూటికి 2 వంతులు సంఘహితమునకు వెచ్చింపవలెను; తాము పనిచేయు చుట్టుపట్ల ప్రాంతమునకు ప్రాధాన్య మీయవలెను. స్త్రీల వసతిగృహములు, అనాథశరణాలయములు, పౌష్టికాహారము మొదలగునవి యెల్ల అందు చేరియే యున్నవి. ఇంత బాగుగ నున్న చట్టమును చదివియు కొన్ని కంపెనీల కచేరీలలో ఉద్యోగులు "జీతములకు నిబంధన లొప్పవు" అని చెప్పుచుందురు. చట్టములు చదువుటయే వృత్తిగా గల మాకు ఆ మాట వింతగా తోచుచున్నది. 2021లో సవరించిన నిబంధనలు నూటికి 5కు మించరాదన్నది కంపెనీ తన కచేరీలో ఈ కార్యముల నిర్వహణమునకు పెట్టుకొను ఖర్చును. పథకమును నేరుగా నడుపుట కగు వ్యయము అందు చేరదని ఆ నిబంధనలే విస్పష్టముగా చెప్పుచున్నవి. శిశువిహారములోని ఆయా జీతము పథకవ్యయము గాక మరేమి?

గడువు సంగతి వేరు. అందులో చిక్కు నిజమైనదే. కొనసాగు పథకమునకు ఆరంభించిన సంవత్సరము గాక మూడేండ్లే హద్దు. ఉయ్యాలలో చేరిన బిడ్డ బడికి పోవునప్పటికే విరాళము ముగిసి తలుపు మూతపడును. అందుచేత మొదటినాటినుండియే ఊరి చందాలు, పంచాయతి లేదా పురపాలకసంఘ సాయము కొంత జతపరుపవలసి యున్నది. దీనికి తోడు, 2020లో విదేశీ విరాళముల చట్టమును సవరించి, అట్టి ధనమును ఒక సంస్థ మరియొక సంస్థ కిచ్చుటను నిషేధించిరి. పెద్ద సంస్థల చేతిమీదుగా సాయమందుకొను చిన్న సంఘములకు ఆ త్రోవయు మూసికొనిపోయినది.

సంఘములవారికిని ఒక మాట. దాతను నిందించుటకు ముందు లెక్క చూపుడు. నెలనెల జమాఖర్చులు గ్రంథాలయపు గోడమీద అంటింపుడు. కార్యవర్గములో ఆ తల్లులే కొందరుండవలెను. శిశువిహార మేవేళ తెరువవలెనో పట్టణపు వకీలుకంటె మిరపకళ్లములో పనిచేయు స్త్రీకే యెక్కువ తెలియును.

ఏప్రిలు మొదటి తేదీతో కంపెనీల లెక్కల సంవత్సరము మారును. అంతకు పూర్వమే మన మహిళాసంఘములు తమ కోరికలను వ్రాతమూలముగ పంపుట మంచిది. ఆ కాగితములో మొదటి పద్దు ఆయా జీతము గాను, గది మరమ్మతు చివరి పద్దు గాను ఉండవలెనని మా మనవి.