ఎముకలు మావి... కొలువులేవి?

జీవకణాన్ని ఒంటి నుంచి తీసి గాజుపాత్రలో బతికించాలంటే 37 డిగ్రీల వేడి, ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే పెట్టె కావాలి. రెండు మూడు రోజులకోసారి మేత మార్చాలి. ఆ మేతలో కలిపే సీరం చిన్న సీసాకే వేలకు వేలు పెట్టాలి. దాచిపెట్టాలంటే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ కావాలి. ఒక్క రాత్రి కరెంటు పోయి జనరేటర్ లేకుంటే నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. కణానికి ఆదివారం తెల్వదు, బతుకమ్మ తెల్వదు. కణం బతకాలంటే ఇంత ఆసరా కావాలని పుస్తకాల్లో రాసి ఉంది. ఆ కణాన్ని సాకే మనిషికి మాత్రం ఏ ఆసరా అక్కర్లేదని మన పాలకులు తీర్మానం చేసుకున్నారు!

నల్లగొండ, పాలమూరు నుంచి సెల్ బయాలజీలో పరిశోధనకు పోయిన పిల్లల గోస ఇది. వాళ్ళ తరఫున మేము అడుగుతున్నాం. నీళ్ళు, నిధులు, నియామకాలు అని మూడు మాటల మీద రాష్ట్రం తెచ్చుకున్నాం. మూడో మాట ఎక్కడ పోయింది?

ముందు నల్లగొండ సంగతి చూద్దాం. 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ పత్రం అచ్చయింది. 1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మన పిల్లల దొడ్డికాళ్ళ గురించి లాన్సెట్‌లో రాశారు. పటిక, సున్నం కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరొచ్చింది. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ పాఠం చెప్పినా మన జిల్లా పేరు పలుకుతారు. రాసినవాళ్ళకు దండం పెడతాం. వాళ్ళు రాయకుంటే మన బాధ లోకానికి తెలిసేది కాదు. కానీ ఆ పాఠం చెప్పే కుర్చీలో మర్రిగూడ పిల్ల, మునుగోడు పిల్లగాడు కూర్చున్నప్పుడే కదా లెక్క సరిపోయేది? ఎముకలు మావి, పత్రాలు మాత్రం ఎప్పుడూ ఇంకొకరివేనా?

ఫ్లోరైడ్ కథ అయిపోయింది కదా, భగీరథ నల్లా వచ్చింది కదా అంటారు. నీళ్ళు మారినయి, మంచిదే. వంగిన ఎముక మారలేదు. ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంలోనే చేరి కూర్చుంటుంది. ఎముక కట్టే కణాలను తప్పుదారి పట్టిస్తుంది. ఎముక మందమవుతుంది కానీ పెళుసవుతుంది, కీళ్ళ దగ్గరి కండరాల పట్టీలు గట్టిపడతాయి. ఇదంతా కణంలో ఎట్లా జరుగుతుందో తవ్వి తీయడమే సెల్ బయాలజీ. అంటే ఇది అమెరికా నుంచి దిగుమతైన షోకు కాదు. మన ఇంటి అరుగు మీద కూర్చున్న తాత మోకాలి సంగతి.

ఇగ హైదరాబాద్ చూద్దాం. 1950లో పుష్ప మిత్ర భార్గవ ఇక్కడికి వచ్చినప్పుడు ఆయనకు నిండా ఇరవై రెండేళ్ళు. చేతిలో లక్నో యూనివర్సిటీ పీహెచ్‌డీ. హైదరాబాద్ రాజ్యం పెట్టుకున్న సెంట్రల్ లాబొరేటరీస్ ఆయనకు నీడనిచ్చింది. తర్వాత అమెరికాలో విస్కాన్సిన్ పోయి క్యాన్సర్ పరిశోధన చేసి మళ్ళీ ఇక్కడికే తిరిగొచ్చాడు. 1977లో సీసీఎంబీ పుట్టింది. దేశంలోనే పేరున్న కణశాస్త్ర సంస్థ, ఉస్మానియాకు కూతవేటు దూరంలో. ఆయన రాజస్థాన్‌లో పుట్టిన మనిషని మేము పంచాయితీ పెట్టడం లేదు. 2017లో కన్నుమూసేదాకా ఈ నగరాన్ని తనదే అనుకున్న మనిషి. మేము చెప్పేది వేరే. ఇరవై రెండేళ్ళ పిల్లగానికి ఒక బెంచీ, ఒక జీతం, తిరిగొస్తే ఒక జాగా ఇచ్చింది కాబట్టి ఈ గడ్డ మీద అంత పెద్ద చెట్టు మొలిచింది. ఆనాడు ఇచ్చిన చెయ్యి ఈనాడు ఎందుకు ముడుచుకుంది?

ఈనాటి పరిశోధకుని బాట చూడండి. మొదటి గండం నెట్. లైఫ్ సైన్సెస్ పేపర్ ఇంగ్లిష్‌లో, హిందీలో ఇస్తారు. హిందీ రాష్ట్రాల పిల్లలు తల్లిభాషలో చదువుకొని రాయొచ్చు, తెలుగు మీడియంలో పెరిగిన మన పిల్లలకు ఆ వసతి లేదు. గట్టెక్కి జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. రాకుంటే? గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో నెట్ లేని పీహెచ్‌డీ స్కాలర్‌కు యూజీసీ నెలకు 8 వేలు ఇస్తుంది. అది తక్కువే. 2015 అక్టోబర్‌లో దాన్నీ తీసేయబోతే దేశమంతా విద్యార్థులు కొట్లాడి నిలబెట్టుకున్నారు. కానీ రాష్ట్ర యూనివర్సిటీ స్కాలర్‌కు ఆ ఎనిమిది వేలు కూడా వర్తించవు. ఒకే నగరం, ఒకే పట్టా, ఒకే ఆకలి. ఇటు సున్నా, అటు ఎనిమిది వేలు!

ఫెలోషిప్ వచ్చినవాళ్ళ బతుకైనా భద్రమా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివిన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనల్ని విడిచిపోతూ రాసిన లేఖలో కూడా తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాలని లెక్క చెప్పాడు. పేదింటి పరిశోధకునికి నెల జీతం అంటే ఏమిటో అంతకన్నా ఎవరు చెప్పగలరు?

సరే, అన్నీ దాటి ముప్పై దాటిన వయసులో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. కొలువు? 2017లో యూనివర్సిటీల్లో 1,061 పోస్టుల భర్తీకి అనుమతి ఇచ్చామన్నారు. కాగితం కదిలింది, కుర్చీ నిండలేదు. 2022 సెప్టెంబర్‌లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లు అసెంబ్లీ దాటింది, రాజ్‌భవన్ దగ్గర చిక్కుకుంది. సర్కారు మారింది. 2025 జనవరిలో యూనివర్సిటీ అధ్యాపకుల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కు పెంచారు. ఏప్రిల్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ల ఎంపికకు మార్గదర్శకాలు ఇచ్చారు. ఆ నెలలోనే కాంట్రాక్టు అధ్యాపకులు రోడ్డెక్కారు. పెద్దలకు ఐదేళ్ళు కలిపితే మాకు అసూయ లేదు. కానీ ముసలి ఎద్దుకు ఇంకో ఐదేళ్ళు కాడి మోపి, కోడెను కొట్టంలో కట్టేసి ఉంచితే సేద్యం నడుస్తుందా?

ఇందులో ఇంకో మెలిక ఉంది, ఉద్యోగులు, విద్యార్థులు జర గమనించాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పర్మనెంట్ అధ్యాపకులే పీహెచ్‌డీ గైడ్‌గా ఉండాలి. ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు స్కాలర్లు మించొద్దు. మూడేళ్ళలోపు రిటైర్ అయ్యేవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోవద్దు. అంటే ఒక ప్రొఫెసర్ కుర్చీ ఖాళీ అయితే ఒక కొలువే కాదు, ఎనిమిది పరిశోధన సీట్లు కూడా పోతాయి. కేంద్రం 2024లో తెచ్చిన తొలిదశ పరిశోధకుల గ్రాంటు మూడేళ్ళకు 60 లక్షల దాకా ఇస్తుంది. దానికీ రెగ్యులర్ కొలువు ఉండాలి. కొలువు లేకుంటే గ్రాంటు లేదు, గ్రాంటు లేకుంటే ల్యాబు లేదు, ల్యాబు లేకుంటే పత్రం లేదు. చివరికి ఇంటర్వ్యూలో 'మీ పత్రాలేవి?' అని అడుగుతారు. కాళ్ళు కట్టేసి పరుగు పందెం పెట్టడమంటే ఇదే!

పాలమూరు కూలీ దేశమంతా తిరిగి డ్యాములు కట్టాడు. తన చేను మాత్రం ఎండిపోయింది. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి పోయిన ఆ బతుకు మీద కడుపు మండే కదా మనం లేచింది? ఇప్పుడు ఆ కూలీ బిడ్డ డాక్టరేట్ పట్టుకొని గంటల లెక్కన పాఠం చెప్తున్నాడు. సెలవుల్లో జీతం లేదు, వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెల్వదు. ఇది చదువుకున్న పాలమూరు లేబర్ కాదా? 2007లో నల్లగొండకు మహాత్మాగాంధీ యూనివర్సిటీ, 2008లో పాలమూరు యూనివర్సిటీ ఇచ్చామని శిలాఫలకాలు చూపిస్తారు. శిలాఫలకం పాఠం చెప్పదు, మైక్రోస్కోపు తనంత తానే చూడదు.

'తెలివి ఉంటే అమెరికా పోవచ్చు కదా, ఫార్మా కంపెనీలో చేరొచ్చు కదా' అని సలహా ఇచ్చే పెద్దమనుషులకు ఒక్క మాట. పోయేవాళ్ళు పోతారు, ఎవరు ఆపారు? కానీ పోవడం ఇష్టంగా ఉండాలి, వలసగా కాదు. బొంబాయి బస్సెక్కిన తండ్రికి, బోస్టన్ విమానమెక్కిన బిడ్డకు తేడా టికెట్ ధరలోనే ఉంటే మనం సాధించింది ఏమిటి?

మా అడుగుడు ఇదీ. ఖాళీల లెక్క యూనివర్సిటీల వారీగా, శాఖల వారీగా బయట పెట్టాలి. ఎంజీయూ, పాలమూరు యూనివర్సిటీ పోస్టులకు తేదీలతో నోటిఫికేషన్ ఇచ్చి నియామక పత్రం చేతిలో పెట్టాలి. ఏళ్ళ తరబడి పనిచేసిన కాంట్రాక్టు అధ్యాపకుల సేవకు విలువ కట్టాలి. కొత్త డాక్టరేట్ల దారీ మూయొద్దు. వాళ్ళకూ వీళ్ళకూ కొట్లాట పెట్టి గట్టు మీద కూర్చొని చూడొద్దు. నెట్ లేని రాష్ట్ర స్కాలర్లకు రాష్ట్రమే నెలనెలా ఫెలోషిప్ ఇవ్వాలి. రెండు జిల్లాల స్కాలర్లు పంచుకునేలా ఒక కణజాల ల్యాబు, దానికి ఆగని కరెంటు ఇవ్వాలి. ఫ్లోరైడ్ మీద పరిశోధన నల్లగొండ గడ్డ మీదనే, నల్లగొండ బిడ్డల చేతులతో జరగాలి.

స్కాలర్లారా, మీరు ఒంటరిగా ల్యాబులో తండ్లాడితే అది మీ బాధ. అందరూ కలిసి గేటు ముందుకొస్తే అది సర్కారు బాధ. ఉద్యోగ సంఘాలు మీ వెనక నిలబడాలి, ఎందుకంటే రేపు ఆ క్యూలో నిలబడేది వాళ్ళ బిడ్డలే. కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నోళ్ళం. కొలువు కోసం కొట్లాడటం మనకు కొత్తా?